జగన్నాధం గారి ఐదు మాటలు

జగన్నాధం గారికి ఈ లోకంలో ఐదు మాటల మీదే నమ్మకం. బాగా తక్కువ, కొంచెం తక్కువ, సరిపడా, కొంచెం ఎక్కువ, బాగా ఎక్కువ. ఈ ఐదింటితోనే ఆయన పెళ్ళి చేసుకున్నారు, ఇల్లు కట్టుకున్నారు, శ్రీకాకుళం ఊరి చివర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ విభాగంలో ఇరవై ఆరేళ్ళు పాఠం చెప్పారు. ఆయన నోటి వెంట ఒక అంకె రాగా విన్నవాళ్ళు లేరు. అవును, కాదు అన్నవైనా అంతే.

పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందా అని పెద్దలు అడిగితే, బాగా ఆలోచించి, "కొంచెం ఎక్కువ" అన్నారట. ముప్ఫయ్యేళ్ళు దాటినా ధనలక్ష్మి గారు ఆ మాట మరిచిపోలేదు. కోపం వచ్చినప్పుడల్లా, ఇప్పుడెంత అని అడుగుతూ ఉంటుంది. ఆయన ప్రతిసారీ నిజాయితీగా ఆలోచించే జవాబు చెబుతారు, అందుకని ఆ జవాబు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది.

ఒకసారి మోకాలి నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఒకటి నుంచి పది దాకా లెక్కేస్తే నొప్పి ఎంత అని డాక్టరు అడిగాడు. కొంచెం ఎక్కువ, అన్నారు ఈయన. అంకె చెప్పండి సార్ అంటే, మళ్ళీ కొంచెం ఎక్కువే. విసిగిపోయి డాక్టరు చీటీ మీద ఏడు వేశాడు. జగన్నాధం గారు ఆ ఏడుని కళ్ళద్దాలు ఎత్తి చూసి, దించి చూసి, "ఇది నా నొప్పి కాదు నాయినా, ఇంకెవరిదో" అని చీటీ తిరిగి ఇచ్చేశారు.

ఈ ఐదు మాటల్లోనూ ఒక మాట పెట్టెలోంచి తీయని పట్టుబట్టలా అలాగే ఉండిపోయింది. అది నడిమధ్యది. స్టాఫ్ రూములో ఫ్యాను గాలి ఆయనకి కొంచెం ఎక్కువ, ఆపితే కొంచెం తక్కువ. వాన ఒక ఏడు బాగా తక్కువ, మరుసటి ఏడు బాగా ఎక్కువ. ఆయన 'సరిపడా' అనగా విన్నవాడికి పది రోజులు వరసగా పునుగులు పెట్టించాలని విభాగంలో ఒక పందెం ఉంది. పందెం కట్టినవాళ్ళలో ఇద్దరు రిటైరై వెళ్ళిపోయారు కూడా.

కొత్తవాళ్ళు దీన్ని మొండితనం అనుకుంటారు. నిజానికి అది ఆయన చదువు. అరచేతి మీద కర్రని నిటారుగా నిలబెట్టే మనిషిని చూడండి, అంటారాయన క్లాసులో. అది ఎన్ని డిగ్రీలు వంగిందో వాడు లెక్క కట్టడు. కొంచెం ఇటు ఒరిగిందా, చెయ్యి కొంచెం ఇటు. బాగా ఒరిగిందా, చెయ్యి బాగా ఇటు. యంత్రానికి కూడా ఇలాగే మామూలు మాటల్లో నియమాలు చెప్పి నడిపించవచ్చు, దానికే ఫజ్జీ కంట్రోల్ అని పేరు. చేస్తున్న తప్పుని చూసుకుని ఆ నియమాలని యంత్రం తనే దిద్దుకుంటే అది అడాప్టివ్. ఇక నాన్‌లీనియర్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, ఆయన దగ్గర ఒకటే ఉదాహరణ. "పాలు నాయినా. పొయ్యి మీద పెట్టి సూడు. ఎంతసేపటికీ ఏటీ అవదు. అయిందంటే ఒక్కసారే అవుతాది."

అందుకే ఆయన జేబులో ఎప్పుడూ ఒక పెన్సిలు, ఒక రబ్బరు, అట్ట ఊడిన చిన్న నోటుపుస్తకం ఉండేవి. నియమం అన్నదాన్ని పెన్నుతో రాయకూడదని ఆయన సిద్ధాంతం. టీ తాగుతూ తాగుతూ ఆగి, పుస్తకం తీసి, ఏదో చెరిపి ఏదో రాసుకునేవారు. అందులో ఉన్నది గొప్ప పరిశోధన అని విభాగమంతా గౌరవంగా నమ్మింది.

ఇంత చదువున్న మనిషికి ఇంట్లో ఉప్పు దగ్గర మాత్రం ఏ అడాప్టివూ లేదు. ధనలక్ష్మి గారు ఏ కూర వండినా, "ఉప్పు కొంచెం ఎక్కువ" అనేవారు. ఆవిడ తగ్గించేది. మళ్ళీ కొంచెం ఎక్కువే. ఆఖరికి ఆ ఇంట్లో కూరలు ఉడకేసిన కాయలకీ కూరకీ మధ్య ఎక్కడో ఆగిపోయాయి. కాలేజీ వాళ్ళు భోజనానికి పిలిస్తే జంకేవారు. విచిత్రం ఏమిటంటే, ఆయన ఏటా నౌపడ ఉప్పు మూట ఒకటి భుజాన వేసుకుని మరీ ఇంటికి తెచ్చేవారు.

ఆ మూట పంపేది విక్టర్ అనే ఆయన, నౌపడ ఉప్పు మడుల్లో మేస్త్రీ. ఆయన కూతురే షీబా. ఆ అమ్మాయి జగన్నాధం గారి దగ్గర పీహెచ్‌డీ చేస్తూ, అదే విభాగంలో కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతుండేది. గురువు ఎంత ఉజ్జాయింపు మనిషో శిష్యురాలు అంత కచ్చితం. దశాంశం తర్వాత మూడు అంకెలు లేకపోతే ఆమెకి నిద్ర పట్టదు. ఆమె టిఫిను డబ్బాలో ఇడ్లీలు కూడా ఒకే సైజులో ఉంటాయని స్టాఫ్ రూములో చెప్పుకునేవారు.

ఇలాంటి పిల్లకి ఆరేళ్ళుగా గురువు గారి మీద ఒకే ఒక్క ఫిర్యాదు. ఆయన రోజూ ఆలస్యంగా వస్తారు. షీబా నౌపడలో పాసింజరు ఎక్కి ఆమదాలవలసలో దిగి, అక్కడ ఆటో పట్టుకుని కాలేజీకి రావాలి. గూడ్సుకి దారివ్వడానికి తిలారు దగ్గర బండి ఆపేసిన రోజు ఆమె గేటు దగ్గర దిగి, చున్నీ సర్దుకుంటూ పరిగెత్తుకుని వచ్చేది. తీరా చూస్తే సారు గది తాళం. ఆమె ఊపిరి తీసుకునేలోపు వెనక నుంచి ఆయన తీరుబడిగా వచ్చేవారు. ఆమె పావుగంట లేటయితే ఆయన ఇరవై నిమిషాలు. ఆమె అరగంట అయితే ఆయన ముప్పావుగంట కూడా. ఎదురుగా నడిచి వచ్చే దూరంలో ఇల్లు పెట్టుకుని ఇదేం ఆలస్యం సార్ అని ఒకరోజు అడిగేసింది. "కొంచెం ఎక్కువేనమ్మా" అని ఒప్పుకున్నారు. మర్నాడు బండి టైముకే వచ్చింది. ఆయన ఆమె వెనకే రెండు నిమిషాల్లో వచ్చారు. బాగుపడ్డారనుకుంది. ఆ మర్నాడు బండి మళ్ళీ ఆగింది, ఆయన ఆలస్యమూ మళ్ళీ మొదలైంది.

ఈ ఆలస్యంతో విభాగాధిపతి రమేష్‌బాబుకి రోజూ ఒక గండమే. అతనికి గడియారం ఎంత ముఖ్యమో, ఎర్రపెన్నూ అంతే ముఖ్యం. తొమ్మిదీ పదికల్లా రిజిస్టరులో సంతకాల కింద ఎర్రగీత గియ్యాలి. గీత కిందకి పోయిన కాంట్రాక్టు వాళ్ళ పేర్లు ఏడాది చివర కాగితం పొడిగించేటప్పుడు పైకి వస్తాయి. కానీ రమేష్‌బాబు ఒకప్పుడు జగన్నాధం గారి శిష్యుడు. రిజిస్టరులో మొట్టమొదటి పేరు గురువు గారిది. అది ఖాళీగా పెట్టి కింద గీత గియ్యడానికి అతని చెయ్యి ఆడేది కాదు. పెన్ను మూత తీసి, పెట్టి, తీసి, వరండాలో కూర్చునేవాడు. లేటయిన రోజు కూడా తనకి గీత తగలకపోవడం దేవుడి దయ అనుకుని, షీబా ప్రతి ఆదివారం చర్చిలో ఆ సంగతి విడిగా చెప్పుకునేది.

ఆమె పరిశోధన కూడా కర్ర గురించే. చిన్న పట్టాల మీద చక్రాల బండి, దాని మీద కీలుతో బిగించిన మూరెడు కర్ర. బండి ముందుకీ వెనక్కీ జరుగుతూ కర్రని పడిపోకుండా నిలబెట్టాలి. బరువు మారినా, రాపిడి మారినా తన నియమాలు తనే దిద్దుకుని నిలబెట్టాలి. కాగితం మీద ఏనాడో నిలబడింది. ఇచ్చిన గడువు అయిపోయి, దాని మీద పొడిగింపులూ అయిపోయి, ఇక మిగిలింది ఒక్క తేదీ. దసరా సెలవుల ముందు శుక్రవారం బయటి విశ్వవిద్యాలయం నుంచి పరీక్షకుడు వస్తాడు. ఆయన ఎదుట కర్ర నిలబడితే థీసిస్ ఇవ్వొచ్చు. లేకపోతే ఆరేళ్ళ పని మూటగట్టి నౌపడ పట్టుకుపోవడమే.

యంత్రానికి ఒక అలవాటు ఉంది. నేర్చుకునే స్విచ్చి వేసి వదిలితే, మొదట కాసేపు తాగినవాడిలా అటూ ఇటూ తూలుతుంది, తర్వాత సర్దుకుంటుంది. ఆ తూలడం పెద్దమనిషి ఎదుట షీబాకి నచ్చలేదు. గురువారం మధ్యాహ్నం దాకా యంత్రం చేత నేర్పించి, నేర్చుకున్న విలువలని దశాంశం తర్వాత మూడు అంకెలతో బిగించి, నేర్చుకునే స్విచ్చి ఆపేసింది. కర్ర దీపస్తంభంలా నిలబడింది. సారుని పిలిచి చూపించి, ఎలా ఉంది సార్ అంది.

"నమ్మకం కొంచెం ఎక్కువ" అన్నారాయన.

ఆమెకి ఒళ్ళు మండింది. బ్యాగు తగిలించుకుని నాలుగు గంటల బండికి వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక ల్యాబ్ అటెండరు ధనరాజు రంగంలోకి దిగాడు. ఏటా సెలవుల ముందు ఆయుధపూజ అతని సొంత పండగ. మోటార్లు, మీటర్లు, చివరికి పాత టేబుల్ ఫ్యానుతో సహా అన్నీ తుడిచి, నూనె పెట్టి, పసుపూ కుంకాలు అద్ది, బంతిపూల దండలు వేస్తాడు. పట్టాల మీది బండిని చూశాడు. దాన్ని వదిలేయడానికి మనసొప్పలేదు. గీరుకుంటోందని పట్టాలకి నిండా నూనె పట్టించాడు, కీలు దగ్గర నాలుగు చుక్కలు వేశాడు, కర్రకి అన్నిటికన్నా పెద్ద దండ వేశాడు.

శుక్రవారం పొద్దున్న షీబా ఆ దండ చూసి నిలబడిపోయింది. ధనరాజు చేతులు నులుముకుంటూ దగ్గరికి వచ్చాడు. "తిట్టకమ్మా. నువ్వు చర్చికెల్తావని నాకు తెలుసు. దానికేటి తెలుసు పాపం, అన్నిటికీ ఏసి దానికొక్కదానికీ మానేస్తే ఎలాగుంటాది?" అన్నాడు. ఆమె దండ తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. నూనె సంగతి అతను చెప్పలేదు. అది చెప్పుకోదగ్గ విషయమని అతనికి తోచలేదు.

పదకొండింటికి పరీక్షకుడు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పక్కన రమేష్‌బాబు, ఆ పక్కన జగన్నాధం గారు. షీబా కర్రని నిటారుగా పట్టుకుని మీట నొక్కి వదిలింది. ఎప్పుడూ జానెడు జరిగే బండి మూరెడు దూసుకుపోయి పట్టాల చివర ఠంగుమని కొట్టుకుంది. కర్ర కుడివైపు పడింది. రెండోసారి ఎడమవైపు పడింది. మూడోసారి ఎటు పడాలో తెలియనట్టు ఒక్క క్షణం ఆగి, పరీక్షకుడి వైపే పడింది. ఆయన బూటు వెనక్కి తీసుకుని కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

షీబా పట్టా మీద వేలు పెట్టి చూసింది. వేలు నూనెతో మెరిసింది. తలుపు దగ్గర ధనరాజు మొహం పాలిపోయింది, అతనికి అప్పుడు అర్థమైంది. నెలల తరబడి తుప్పు రాపిడికి అలవాటు పడ్డ అంకెలు ఈ నున్నటి పట్టాల మీద ఎందుకూ పనికిరావు. మళ్ళీ మూడు దశాంశాల దాకా కొత్తవి కట్టాలంటే రెండు వారాలు. నూనె అన్న ఒక్క మాట చెబితే తన తప్పు లేదని తేలుతుంది, ధనరాజుకి మెమో వస్తుంది. ఆమె వేలు చున్నీకి తుడుచుకుని ఊరుకుంది.

జగన్నాధం గారు అది చూశారు. లేచి వచ్చి యంత్రం పక్కన నిలబడ్డారు.

"నేర్సుకునే స్విచ్చి ఎయ్యమ్మా."

"తూలతాది సార్. ఆయన సూస్తన్నారు." ఆరేళ్ళలో ఆమె నోట ఇంటి మాట కాలేజీలో రావడం అదే మొదలు.

"తూలనీ. తూలడానికి అది సిగ్గుపడదు. మనమే పడతాం."

ఎన్ని సెకన్లలో స్థిరపడుతుందని పరీక్షకుడు అడిగాడు. కొంచెంసేపట్లో, అన్నారు జగన్నాధం గారు. అంటే ఎంత అన్నాడాయన. కొంచెం ఎక్కువ కొంచెంసేపు, అన్నారు ఈయన. రమేష్‌బాబు కళ్ళు మూసుకున్నాడు.

షీబా స్విచ్చి వేసి వదిలింది. బండి అటు ఉరికింది, ఇటు ఉరికింది. కర్ర వంగి, లేచి, మళ్ళీ వంగి, తిరనాళ్ళలో దారి తప్పిన ముసలమ్మలా దిక్కులు చూసింది. ప్రతి తూలుకీ ముందుదానికన్నా కొంచెం తగ్గింది. షీబా లోపల లెక్క పెట్టుకుంటోంది. పంతొమ్మిది సెకన్లకి బండి పరుగు ఆగి, కర్ర నిలబడింది. సన్నగా వణుకుతూనే ఉంది కానీ నిలబడింది.

బరువు మారితే ఏమవుతుందని పరీక్షకుడు ముందుకి వంగి అడిగాడు. జగన్నాధం గారు బల్ల మీది బంతిపూల దండ తీసి నిలబడి ఉన్న కర్ర మెడలో వేశారు. కర్ర బాగా కిందకి వంగింది, బండి దాని కిందకి పరిగెత్తింది, జానెడు వెనక్కి, బెత్తెడు ముందుకి. నాలుగు రేకులు రాలాయి. తర్వాత ఆ కర్ర దండతో సహా పెళ్ళికొడుకులా నిటారుగా నిలబడింది. తలుపు దగ్గర ధనరాజు రెండు చేతులూ జోడించాడు.

చివరికి ఒక ఫారం వచ్చింది. పదికి ఎంత అన్న గడిలో గైడు అంకె వెయ్యాలి. జగన్నాధం గారికి కర్ర పడినప్పుడు పట్టని చెమట అప్పుడు పట్టింది. చాలాసేపు చూసి, 'కొంచెం ఎక్కువ' అని పెన్సిలుతో రాసి ఇచ్చారు. పరీక్షకుడు ఆ కాగితాన్ని చూసి నవ్వడం మొదలుపెట్టాడు. చివర మాటని అంకెలోకి మార్చడం కూడా మీ శాస్త్రంలోదే కదండీ, ఆ పని నేను చేస్తాను అని, పక్కన తొమ్మిది వేశాడు.

సాయంత్రం అందరికీ టీ తేవడానికి షీబా తనే బయల్దేరింది. గేటుకి ఎదురుగా అసిరమ్మ టీ కొట్టు. ఆరేళ్ళుగా దాని ముందు దిగి పరిగెత్తడమే గాని, ఆమె అందులో కాలు పెట్టింది లేదు. అసిరమ్మ ఆమెని చూసి బెంచీ తుడిచింది. సారుకి టీలో పంచదార ఎంత అని షీబా అడిగితే, ఒకటో టీకైతే మామూలే, మూడో టీకి వెయ్యను అంది.

మూడు టీలు ఎప్పుడు తాగుతారని షీబా అడిగింది.

"నీ బండి లేటయిన రోజున. పెందిలాడే వచ్చి ఇదిగో ఈ మూల కూసుంటారు, నీ ఆటో వచ్చీదాకా లెగరు. నువ్వు లోపలికెల్లి సంతకం పెట్టీసుంటావనుకున్నాక లెగుస్తారు. ఒకోరోజు పాపం, టీలు ఎక్కువైపోయి కడుపు పట్టుకుని కూసుంటారు." అసిరమ్మ గ్లాసుల పక్కన ఉన్న అట్ట ఊడిన పుస్తకం తీసి చేతిలో పెట్టింది. "పొద్దున మర్సిపోనారు. ఇచ్చీయమ్మా."

పరిశోధన పుస్తకమే కదా అని షీబా తెరిచింది. అందులో మోటార్లు లేవు, కర్రలు లేవు. మనుషులున్నారు. ఒక పేజీ మీద ధనలక్ష్మి అని ఉంది. 'డాక్టరు ఉప్పు మానమన్నాడు. తన కోసమైతే మానదు. నాకు చప్పిడి కూర పెట్టడానికి తనకి మనసు రాదు. ఉప్పు ఎంత ఉన్నా, కొంచెం ఎక్కువ అనాలి.' దాని కింద కొన్నేళ్ళ తర్వాతి రాత: 'బీపీ తగ్గింది. కూర బాగా కష్టంగా ఉంది. నియమం మార్చేది లేదు.'

రెండు పేజీల తర్వాత తన పేరు కనిపించింది. మొదటి నియమం రబ్బరుతో చెరిపి ఉంది, అయినా గుర్తులు కనిపిస్తున్నాయి. 'బండి లేటయితే షీబాతో పాటే లోపలికి వెళ్ళాలి.' పక్కన, 'ఇద్దరం పరిగెత్తాం. పిల్ల సిగ్గుపడింది. తప్పు.' దాని మీద దిద్దిన నియమం: 'ముందు పిల్ల సంతకం. తర్వాత నేను. బండి కొంచెం లేటయితే నేను కొంచెం ఎక్కువ లేటు. బండి బాగా లేటయితే నేను ఇంకా బాగా.' అన్నిటికన్నా కింద ఈ ఏడాది రాత. 'పిల్లకి నా మీద విసుగు కొంచెం ఎక్కువైంది. పర్వాలేదు.'

షీబా అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయింది. ఆరేళ్ళ ఆదివారాలు దేవుడికి చెప్పుకున్న కృతజ్ఞతలో ఈయన వాటా ఎంతో లెక్క కట్టబోయి, దశాంశాలు అందక మానేసింది. ఆమెకి ఏడుపు రాబోయి నవ్వు వచ్చింది. టీలు చల్లారిపోతున్నాయని అసిరమ్మ రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. పుస్తకం ఆయన బల్ల మీద పెట్టేసి, తన బండికి వెళ్ళిపోయింది.

సెలవుల తర్వాత మొదటి సోమవారం పాసింజరుని తిలారులో మళ్ళీ ఆపేశారు. షీబా ఆటో దిగేసరికి తొమ్మిదింబావు. ఈసారి పరిగెత్తలేదు. గేటు వైపు కాకుండా రోడ్డు దాటి, టీ కొట్టులోకి వెళ్ళి, మూల బెంచీ మీద ఆయన ఎదురుగా కూర్చుంది. జగన్నాధం గారు రెండో టీ మధ్యలో ఉన్నారు. దొంగతనం పట్టుబడ్డ పిల్లాడిలా గ్లాసు అటు జరిపి, ఇటు జరిపి, "కూసో అమ్మా" అన్నారు, ఆమె అప్పటికే కూర్చున్నాక.

అసిరమ్మ అడక్కుండానే ఇంకో టీ తెచ్చింది. ఎదురుగా కాలేజీ వరండాలోకి రమేష్‌బాబు వచ్చి నిలబడ్డాడు. చేతిలో రిజిస్టరు, వేళ్ళ మధ్య ఎర్రపెన్ను. టీ కొట్టు వైపు కాసేపు చూశాడు. పెన్నుకి మూత పెట్టి, జేబులో పెట్టుకుని, రిజిస్టరు బల్ల మీద తెరిచి ఉంచి లోపలికి వెళ్ళిపోయాడు. చూస్తే, అతనికి ఇది కొత్త సంగతిలా లేదు.

షీబా టీ చివరి గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది. "సార్, ఇయ్యాల లేటు ఎంతంటారు?"

జగన్నాధం గారు గోడ గడియారం వైపు చూశారు. వరండాలో తెరిచి ఉన్న రిజిస్టరు వైపు చూశారు. ఎదురుగా తీరుబడిగా కూర్చున్న పిల్ల వైపు చూశారు. జేబులో పెన్సిలు తడుముకుని, తీయకుండా వదిలేశారు.

"సరిపడా" అన్నారు.

ఆ పది రోజులూ పునుగులు అసిరమ్మ కొట్టు నుంచే వచ్చాయి.